మీ అమ్మమ్మగారు చెప్పేది నిజం: కటోంగ్‌లో సముద్రం ఇంటి వెనకే ఉండేది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మమ్మగారు 1960లలో చిన్నపిల్లగా సింగపూర్‌లో కటోంగ్ వైపు ఉన్నారు. "పెరటి గేటు తీస్తే ఇసకే, పోటు వస్తే నీళ్ళు గోడకి తగిలేవి" అని ఎప్పుడూ చెబుతుంటారు. పాత ఫోటో కూడా ఒకటి ఉంది. మొన్న మీరు ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్తే అపార్ట్‌మెంట్లు, షాపింగ్ మాల్, ఎక్స్‌ప్రెస్‌వే తప్ప ఏమీ కనబడలేదు. సముద్రం చూడాలంటే అక్కణ్ణుంచి అర కిలోమీటరుకి పైగా నడవాల్సి వచ్చింది. ఇంట్లో వాళ్ళేమో "పెద్దావిడ కదా, వేరే ఊరితో కలిపేసుకుంటున్నారు" అంటున్నారు. ఆవిడ చెప్పేది నిజమేనా, ఆ చోటు ఇప్పుడు కనిపెట్టగలమా అని అడిగారు.

నిజమే. కనిపెట్టవచ్చు కూడా. దయచేసి ఆవిణ్ణి ఎవరూ సరిదిద్దకండి. ఆవిడ ఇల్లు ఉన్న చోటే ఉంది, సముద్రమే అక్కణ్ణుంచి జరిగింది.

నేను 1950ల చివరి నుంచి 1970 దాకా ఆ తీరంలోనే పెరిగాను. మా నాన్నగారు మద్రాసు నుంచి రాజులా స్టీమరులో వెళ్ళి అక్కడొక వ్యాపార సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరారు. తరవాత అమ్మా, నేనూ, తమ్ముడూ అదే స్టీమరులో వెళ్ళాం. తిరిగొచ్చాక నేను విశాఖపట్నంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగమంతా రేవుల నిర్మాణంలోనే చేశాను. చిన్నప్పుడు కళ్ళముందు జరిగిన పని ఏమిటో, ఎలా చేశారో పెద్దయ్యాక చదువుకున్నాను కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు అసలు ఏం జరిగిందో చెబుతాను. 1960 ఫిబ్రవరిలో సింగపూర్‌లో ప్రభుత్వ ఇళ్ళ సంస్థ హెచ్‌డీబీ ఏర్పడింది. జనం ఎక్కువ, నేల తక్కువ. 1961 మే నెలలో బుకిట్ హో స్వీ అనే పేటలో అగ్నిప్రమాదం జరిగి ఒక్కరోజులో సుమారు 16,000 మంది నిలువనీడ లేకుండా అయిపోయారు. ఇళ్ళు కట్టాలి, కట్టడానికి చోటు కావాలి. అప్పుడు దేశం మొత్తం వైశాల్యం సుమారు 580 చదరపు కిలోమీటర్లు, అంటే మన దగ్గర ఒక మోస్తరు రెవెన్యూ డివిజన్ కన్నా చిన్నది. అందుకని సముద్రంలోకి జరగాలని నిర్ణయించారు. కటోంగ్‌కి తూర్పున బెడోక్ దగ్గర చిన్నగా ఒక ముక్క పూడ్చి చూశారు, నిలబడింది. 1966 ఏప్రిల్‌లో అసలు పని మొదలైంది. దాన్ని ఈస్ట్ కోస్ట్ రిక్లమేషన్ అంటారు. ఏడు దశల్లో, 1980ల మధ్య దాకా సాగింది. మొత్తం 1,525 హెక్టార్లు, అంటే 3,700 ఎకరాల పైమాటే, సముద్రం నేలైంది.

ఆ మట్టి ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది చాలామందికి తెలియదు. బెడోక్, సిగ్లాప్ ప్రాంతాల్లో ఎర్రమట్టి గుట్టలు ఉండేవి. వాటిని చక్రాలకి బకెట్లు కట్టిన పెద్ద యంత్రాలతో తవ్వి, కిలోమీటర్ల పొడవున్న కన్వేయర్ బెల్టు మీద ఒడ్డుకి చేర్చి, నీళ్ళలో పోశారు. అంటే మీ అమ్మమ్మగారి బీచ్‌తో పాటు దాని వెనకున్న గుట్టలు కూడా పోయాయి. వెనక గుట్టలూ ముందు సముద్రమూ ఉన్న ఊరు, రెండూ లేని చదును నేల అయిపోయింది. అక్కడికి తిరిగి వెళ్ళిన పెద్దవాళ్ళు దిక్కు తెలియక నిలబడిపోవడానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం. ఒక్క గుర్తు పోతే ఇంకొకదాన్ని పట్టుకుని దారి వెతుక్కోవచ్చు. ఇక్కడ రెండూ ఒకేసారి పోయాయి.

ఇక ఆ తీరం ఎలా ఉండేదో చెబుతాను. మీ అమ్మమ్మగారితో మాట్లాడేటప్పుడు ఇవి పనికొస్తాయి.

అది మన విశాఖ, భీమిలి లాంటి సముద్రం కాదు. అలల హోరు ఉండదు. ఎదురుగా జలసంధి, దూరంగా ఇండోనేషియా దీవులు, రేవులోకి వెళ్ళడానికి వరసగా లంగరేసిన ఓడలు. అల వస్తే మోకాలి ఎత్తు, అంతే. కానీ ఆటుపోట్ల తేడా మనకన్నా చాలా ఎక్కువ. పౌర్ణమి, అమావాస్యల్లో నీటిమట్టం మూడు మీటర్ల దాకా మారుతుంది. తీరం చదునుగా ఉంటుంది కాబట్టి ఆటు వేళ నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి తడి ఇసుక, బురద, గడ్డి బయటపడేవి. పోటు వేళ అదే నీళ్ళు బంగళాల వెనక గోడల్ని తాకేవి. ఆ గోడలకి మెట్లుండేవి. ఉదయం ఆ మెట్లు దిగి ఇసుక మీద నడిచిన పిల్లలు సాయంత్రం అవే మెట్ల మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు ఆడించేవాళ్ళు. "గోడకి నీళ్ళు తగిలేవి" అని మీ అమ్మమ్మగారు అంటున్నది ఇదే. ఊహించుకుని చెప్పే మాట కాదది.

మేమున్నది ఒక పెరనకన్ కుటుంబం (మలయ్ అలవాట్లు కలిసిన పాతకాలపు చైనీయుల సంతతి) ఇంటి వెనక భాగంలో, రెండు గదుల అద్దె వాటాలో. ఇంటావిడని అందరూ బీబిక్ అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. అమ్మకి తెలుగు తప్ప వేరే భాష రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా ఏడాది తిరిగేసరికి ఇద్దరూ బజారు మలయ్‌లో చేపల బేరం నుంచి పిల్లల జ్వరాల దాకా మాట్లాడుకునేవాళ్ళు. నీళ్ళు ఎప్పుడు వెనక్కి పోతాయో బీబిక్ గడియారం చూడకుండా చెప్పేది. ఆవిడ కేకేస్తే మేమంతా కొబ్బరి చిప్పలు పట్టుకుని ఇసుకలోకి దిగేవాళ్ళం. రెమిస్ అని చిన్న చిన్న గుల్లలు, వేలితో ఇసుక గీరితే బయటపడేవి. బీబిక్ వాటిని ఉప్పులో ఊరబెట్టేది. అమ్మ మాత్రం చింతపండు పోసి పులుసే పెట్టేది. నెత్తళ్ళు అక్కడా దొరికేవి, ఇకాన్ బిలిస్ అంటారు. శ్రీకాకుళం నుంచి వెళ్ళిన మాకు ఆ ఎండుచేపల వాసన వల్లే ఆ ఊరు పరాయిదిగా అనిపించలేదు.

ఒడ్డు పొడవునా కొబ్బరి చెట్లు, బాదం చెట్లు. కాస్త లోపలగా నీళ్ళలో కర్రలు పాతి కట్టిన కెలాంగ్‌లు ఉండేవి. అవి చేపలు పట్టే గుడిసెలు, రాత్రిపూట వాటి దీపాలు కనబడేవి. సిగ్లాప్ వైపు మలయ్ జాలర్ల పల్లెలు, ఇసుక మీద ఆరబెట్టిన వలలు. కటోంగ్ పార్కు దగ్గర ఈతకి పాగర్ ఉండేది. సముద్రంలో కొయ్య దుంగలు దగ్గరదగ్గరగా పాతి కట్టిన ఆవరణ అది, లోపల భయం లేకుండా ఈదవచ్చు. ఆదివారాలు అక్కడ జనం కిక్కిరిసిపోయేవాళ్ళు. రంగు సిరప్ పోసిన ఐస్ ఉండ చేతిలో పట్టుకుని, అది కరిగి మోచేతి దాకా కారుతుంటే చప్పరించడం ఆ ఆదివారాల్లో మా పండగ. మీ అమ్మమ్మగారిని ఐస్ బాల్ గురించి అడిగి చూడండి. ఆవిడ ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

తెల్లవారుజామున ఒక్కోసారి పడమటి నుంచి పెనుగాలితో వాన వచ్చేది. దాన్ని సుమత్రా అనేవాళ్ళు. అరగంటో గంటో ఊపేసి పోయేది. అది వెళ్ళాక ఒడ్డుకి ఏం కొట్టుకొచ్చిందో చూడ్డానికి పిల్లలందరం పరిగెత్తేవాళ్ళం.

అన్నీ మంచి రోజులే అని చెప్పలేను. 1963 సెప్టెంబరులో కటోంగ్ పార్కు దగ్గర ఒక హోటల్ ఎదుట బాంబు పేలింది. ఇండోనేషియాతో గొడవ నడుస్తున్న కాలం అది. 1964లో మలయ్‌లకీ చైనీయులకీ మధ్య జాతి కలహాలు వచ్చి కర్ఫ్యూ పెట్టారు. ఆ రోజుల్లో అమ్మ మమ్మల్ని పెరటి గేటు దాటనిచ్చేది కాదు. నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆవిడకి ఒకటే టెన్షన్. మీ అమ్మమ్మగారు సముద్రం గురించి చెబుతూ చెబుతూ హఠాత్తుగా ఆగిపోతే, ఆ రోజులు గుర్తొచ్చి ఉండవచ్చు. తొందరపెట్టకండి.

పూడ్చే పని మా వైపుకి వచ్చింది అరవైల చివర్లో. మొదట నీళ్ళ రంగు మారింది. ఎర్రగా, మురికిగా అయ్యాయి, గుల్లలు కనబడడం మానేశాయి. తరవాత చప్పుడు మొదలైంది, రాత్రీ పగలూ రైస్ మిల్లు పక్కన కాపురం పెట్టినట్టే ఉండేది. పోటు వేళ నీళ్ళు గోడ దాకా రావడం తగ్గి, ఒకనాటికి పూర్తిగా ఆగిపోయాయి. గోడ అవతల నీటి మడుగులు మిగిలాయి, వాటిలో దోమలు. దాని అవతల చెట్టన్నది లేని ఎర్ర మైదానం. మట్టి పోసిన వెంటనే ఇళ్ళు కట్టరు. అది తన బరువుకి తనే దిగి గట్టిపడాలి, అందుకు ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో అక్కడ మైదానం, గాలి, దుమ్ము తప్ప ఏమీ లేవు. మగపిల్లలు గాలిపటాలు ఎగరేసుకున్నారు. జాలర్లు మాత్రం పడవలు పెట్టుకునే చోటు లేక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నాకు ఈనాటికీ బాధ కలిగించేది అదే. బంగళాల వాళ్ళకి పోయింది సముద్రం కనిపించే దృశ్యం, జాలర్లకి పోయింది బతుకుతెరువు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1964లోనే సముద్రతీరపు నేలకి సంబంధించిన ఫోర్‌షోర్స్ చట్టాన్ని సవరించి, ఇంటి ముందున్న సముద్రం పోయినందుకు యజమానులకి పరిహారం ఇవ్వక్కర్లేకుండా చేశారు. అది లేకపోతే అంత పెద్ద పని అంత వేగంగా జరిగేది కాదు. ఆ నేల మీదే 1970లలో మెరీన్ పరేడ్ ఎస్టేట్ వచ్చింది, వేల కుటుంబాలకి సొంత ఇల్లు దొరికింది. విమానాశ్రయం నుంచి నగరంలోకి వచ్చే ఎక్స్‌ప్రెస్‌వే అదే నేల మీదుగా వెళ్తుంది. ఇంజనీరుగా నేను ఆ పనిని గౌరవిస్తాను. ఆ తీరంలో పెరిగినదాన్ని కాబట్టి అది పోయిందని బాధపడతాను. ఈ రెండింటిలో ఒకటి వదులుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు ఈస్ట్ కోస్ట్ పార్కులో మీరు చూసిన బీచ్ గురించి. అది మనుషులు కట్టిన బీచ్. ఇసుక పోసి వదిలేస్తే వాలుగా వచ్చే అలలు దాన్ని పక్కకి లాక్కుపోతాయి. అందుకని కొంత కొంత దూరంలో రాళ్ళతో ముక్కుల్లాంటి కట్టడాలు కట్టారు. రెండు ముక్కుల మధ్య అల ఇసుకని కోసి కోసి నెలవంక ఆకారం తెస్తుంది. ఆ వంపు అలకి ఎదురుగా సర్దుకున్నాక కోత దాదాపు ఆగిపోతుంది. తీరాన్ని గోడ కట్టి ఆపకుండా అలతోనే ఆకారం తెప్పించిన పని ఇది. తీర ఇంజనీరింగ్‌లో మాకు దీన్ని మంచి ఉదాహరణగా చూపించేవాళ్ళు. మన ఉప్పాడలో కథ తిరగబడింది. అక్కడ సముద్రమే ఊళ్ళోకి వచ్చి ఇళ్ళనీ రోడ్డునీ తినేస్తోంది. ఉప్పాడ పెద్దవాళ్ళు చిన్నప్పుడు ఆడుకున్న ఇసుక ఇప్పుడు నీళ్ళ కింద ఉంది, మీ అమ్మమ్మగారు ఆడుకున్నది మట్టి కింద ఉంది.

సరే, చోటు కనిపెట్టడం ఎలా?

ఈస్ట్ కోస్ట్ రోడ్డుతో మొదలుపెట్టండి. పేరులోనే తీరం ఉంది. ఈ రోడ్డు పాతదే, చోటు మారలేదు. ఆ రోడ్డు మీద నిలబడి దక్షిణంగా తిరిగితే, అప్పట్లో ఎదురుగా కొద్ది నిమిషాల నడకలో సముద్రం. మెరీన్ పరేడ్ పేరుతో ఉన్న హెచ్‌డీబీ బ్లాకులు, పార్క్‌వే పరేడ్ మాల్, వాటి అవతల ఉన్న ఎక్స్‌ప్రెస్‌వే, పార్కు అంతా పూడ్చిన నేలే. కాబట్టి మీకు కావలసిన గీత ఈస్ట్ కోస్ట్ రోడ్డుకీ ఆ బ్లాకులకీ మధ్య ఎక్కడో ఉంది. పాత బంగళాలు, పాత చెట్లు, వంకర సందులు ఉన్నంతవరకు పాత నేల. రోడ్లు స్కేలు పెట్టి గీసినట్టు మారిపోయిన దగ్గర్నుంచి కొత్త నేల. కాలినడకన వెళ్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

తిరుగులేని గుర్తు ఒకటి ఉంది. స్టిల్ రోడ్ సౌత్‌లో కరికాల్ మహల్ అని పెద్ద భవనం. కారైకాల్ నుంచి వెళ్ళి పశువుల వ్యాపారంలో గడించిన మూనా కాదర్ సుల్తాన్ దాన్ని 1917లో కట్టించారు. మన యానాం ఎలా ఫ్రెంచివాళ్ళ కింద ఉండేదో కారైకాల్ కూడా అలాగే ఉండేది. సముద్రానికి ఎదురుగా, తోటల మధ్య కట్టిన ఆ భవనం 1947 తరవాత గ్రాండ్ హోటల్ అయింది. మా చిన్నతనంలో అది హోటలే. పూడ్చిన నేల మీదికి రోడ్డు పొడిగించినప్పుడు ఆ ఆవరణని నడిమధ్యలో రెండుగా చీల్చి స్టిల్ రోడ్ సౌత్ వేశారు. ఇప్పుడు రోడ్డుకి ఒకవైపు ఒక ముక్క, రెండోవైపు ఇంకో ముక్క నిలబడి ఉన్నాయి. మీ అమ్మమ్మగారిని దాని ముందు నిలబెట్టి "గ్రాండ్ హోటల్ ఇదేనా?" అని అడగండి. గుర్తుపడితే, అక్కణ్ణుంచి వాళ్ళ ఇల్లు ఎటువైపో ఆవిడే చెబుతారు.

రెండోది కటోంగ్ పార్కు. అది అక్కడే ఉంది, కానీ దాని ముందు సముద్రం లేదు. ఆ పార్కు కింద 1879లో కట్టిన ఒక కోట పాతుకుపోయి ఉంది. 2000ల మొదట్లో తవ్వకాలు జరిపి దాని గోడలు బయటపెట్టారు. ఆవిడ ఈతకి వెళ్ళింది ఇక్కడికైతే ఈ చోటు చాలు. మూడోది సెయింట్ పాట్రిక్స్ స్కూలు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇప్పటికీ నడుస్తోంది, అప్పట్లో దాని వెనక సముద్రమే. రాక్సీ సినిమా హాలు పేరు చెప్పినా ఆవిడకి దారి తెలియవచ్చు. హాలు పోయింది, ఆ మూల రాక్సీ స్క్వేర్ అనే భవనం ఉంది.

ఇంటి దగ్గర కూర్చుని చేయగలిగింది కూడా ఉంది. సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ లైబ్రరీ పాత సర్వే పటాలని ఇప్పటి పటం మీద పరిచి చూపించే సైటు పెట్టింది. 1966కి ముందుదొకటి తెరిచి, ఆవిడ చెప్పే వీధి పేరు వెతకండి. నేషనల్ ఆర్కైవ్స్ సైటులో కటోంగ్, సిగ్లాప్, బెడోక్ అని కొడితే ఆనాటి ఫోటోలు వస్తాయి. వాటిని పెద్ద తెర మీద పెట్టి ఆవిడ పక్కన కూర్చోండి, ఆవిడ చెప్పేది ఫోనులో రికార్డు చేయండి. అక్కడి తెలుగువాళ్ళ గురించి రాతలో ఉన్నది చాలా తక్కువ. సింగపూర్ తెలుగు సమాజం ఏర్పడిందే 1975లో. అంతకుముందు ఉన్న కుటుంబాల సంగతులు ఇలాంటి పెద్దవాళ్ళ నోట్లోనే ఉన్నాయి.

మళ్ళీ తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఆలస్యం చేయకండి. ఇప్పుడు మెట్రో వచ్చింది. కటోంగ్ పార్క్, మెరీన్ పరేడ్, సిగ్లాప్ స్టేషన్లు 2024 జూన్‌లో తెరిచారు, అన్నిటికీ లిఫ్టులున్నాయి. వీల్‌చైర్‌లో అయినా ఇబ్బంది ఉండదు. పొద్దున్నే, ఎండ ముదరకముందు వెళ్ళండి. ఇంకో కారణం కూడా ఉంది. 2023 నవంబరులో లాంగ్ ఐలాండ్ అనే పథకం ప్రకటించారు. సముద్రమట్టం పెరుగుతోంది కాబట్టి, ఇప్పటి ఈస్ట్ కోస్ట్ తీరానికి ఎదురుగా సుమారు 800 హెక్టార్ల కొత్త నేల పోసి, మధ్యలో మంచినీటి జలాశయం ఏర్పాటు చేస్తారు. దశాబ్దాలు పట్టే పని. అదయ్యాక ఇప్పటి బీచ్ ముందు కూడా సముద్రం ఉండదు, చెరువు ఉంటుంది. ఈ బీచ్‌లో గూళ్ళు కట్టి ఆడుకుంటున్న పిల్లల్లో మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళ తల్లిదండ్రులు ఇది చదివితే, ఒడ్డున నిలబెట్టి ఫోటో తీసేటప్పుడు వెనక గుర్తుపట్టగలిగే కట్టడం ఏదైనా పడేలా చూసుకోమని నా మనవి. బెడోక్ జెట్టీ అయితే బాగుంటుంది.

మీ దగ్గరున్న ఫోటో గురించి ఒక మాట. వెనకవైపు తారీఖు గానీ స్టూడియో ముద్ర గానీ ఉందేమో చూడండి. ఫోటోలో నీళ్ళ మధ్య కర్రల వరస కనబడితే అది కెలాంగో, పాగరో అయి ఉంటుంది. పాగర్ అయితే కటోంగ్ పార్కు వైపు వెతకాలి. గోడ, మెట్లు కనబడితే మెయర్ రోడ్డు, ఆంబర్ రోడ్డు వైపున్న బంగళాలతో మొదలుపెట్టండి. ఫోటో, ఆవిడకి గుర్తున్న వీధి పేరు, ఏ బస్సు ఎక్కి బడికి వెళ్ళేవారో రాసి పంపితే, పాత పటం పక్కన పెట్టుకుని ఏ వీధి చివరో చెప్పడానికి ప్రయత్నిస్తాను.